ఇంటర్నెట్ రేడియోలో శబ్దం తెగడం

ఇంటర్నెట్ రేడియో వింటున్నప్పుడు పాట గానీ మాట గానీ మధ్యలో ఆగి, కొద్ది సేపటికి మళ్ళీ మొదలవడాన్ని శబ్దం తెగడం అంటారు. మామూలు రేడియోలో తరంగం బలహీనపడితే గరగర వినిపిస్తుంది గానీ మాట పూర్తిగా పోదు. చిలకలూరిపేటలో విజయవాడ ఆకాశవాణిని మీడియం వేవ్‌పై విన్నవారికి ఇది అనుభవమే. అదే కేంద్రాన్ని అంతర్జాలంలో వింటే గరగర ఉండదు. వస్తే స్పష్టంగా వస్తుంది, లేకపోతే నిశ్శబ్దమే.

కారణం

అంతర్జాలంలో శబ్దం ప్యాకెట్లు అనే చిన్న ముక్కలుగా ప్రయాణిస్తుంది. ఇవి సమానమైన వ్యవధిలో చేరవు. అందువలన కంప్యూటరు కొన్ని సెకన్ల శబ్దాన్ని ముందుగా నిల్వ చేసుకొని, ఆ నిల్వ నుండి వినిపిస్తుంది. ఈ నిల్వను బఫర్ అంటారు. ఇది మంచినీటి ట్యాంకు వంటిది. మోటారు ఆగి ఆగి నడిచినా ట్యాంకులో నీరున్నంతవరకు కుళాయి ధార తెగదు.

సెకనుకు 128 కిలోబిట్ల ప్రసారానికి పది సెకన్ల నిల్వ 160 కిలోబైట్లు మాత్రమే. కాబట్టి రేడియోకు కావలసింది అమితమైన వేగం కాదు, ఎడతెగని రాక. 2004 నాటి జాతీయ విధానం ప్రకారం బ్రాడ్‌బ్యాండు కనీస వేగం 256 కిలోబిట్లు. ఆనాడు రేడియో ఒక్కటే సగం లైనును వాడుకొనేది. ఇంట్లో మరొకరు ఏదైనా దించుకుంటే పాట ఆగేది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తొలి పథకంలోనే వేగం 15 మెగాబిట్లు, అనగా పై ప్రసారానికి కావలసినదానికి నూరు రెట్లకు పైమాట. అటువంటి లైనుపైనా శబ్దం తెగుతుంటే, ఎక్కువ డబ్బు కట్టి పెద్ద పథకానికి మారడం చాలావరకు వృథా. లోపం సాధారణంగా వేరొక చోట ఉంటుంది.

లోపాన్ని గుర్తించడం

మొదట కంప్యూటరులో దాచిన పాటను వినాలి. అది కూడా తెగితే అంతర్జాలానికి సంబంధం లేదు. ప్రాసెసరుపై భారాన్నో, సౌండు డ్రైవరునో, బ్లూటూత్ హెడ్‌ఫోనునో అనుమానించవలెను.

పాట బాగుంటే, వైఫై వదలి కంప్యూటరును రౌటరుకు తీగతో కలిపి చూడవలెను. ఇళ్ళలో ఎక్కువగా దొరికే దోషం ఇక్కడే. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై పౌనఃపున్యాన్నే బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, ఇరుగుపొరుగు రౌటర్లు కూడా వాడుకుంటాయి. మందపాటి గోడలు దానిని ఇంకా బలహీనపరుస్తాయి. రౌటరుకు పింగ్ ఆదేశం పంపినప్పుడు జవాబులు ఒకటి త్వరగా, మరొకటి ఆలస్యంగా వస్తుంటే దోషం ఇంటిలోనే ఉన్నట్లు. రౌటరు జవాబులు నిలకడగా ఉండి, బయటి చిరునామా జవాబులు మాత్రమే తడబడితే లైనును అనుమానించవచ్చును. ఫోను తీగపై నడిచే కనెక్షనులో స్ప్లిటరు లేకుండా రెండవ ఫోను తగిలించినా ఇదే ఫలితం.

ప్లేయరులో వీలుంటే బఫరును పెంచుకోవచ్చును. అయితే ప్రసారం అంత ఆలస్యంగా వినిపిస్తుంది; ఇంటర్నెట్ రేడియోలో చెప్పే సమయాన్ని బట్టి గడియారం సరిచేసుకోరాదు.

ఇతర కేంద్రాలన్నీ బాగా వినిపించి ఒక్కటే తెగుతుంటే దోషం ఆ కేంద్రపు సర్వరుది. శ్రోతలు ఎక్కువైనప్పుడు ఇలా జరుగుతుంది. ఆ కేంద్రం 64 కిలోబిట్ల ప్రసారం కూడా ఇస్తుంటే దానికి మారడం తప్ప ఇంటి నుండి చేయగలిగినది లేదు.