మద్నూర్ పానాదుల్లో పిల్లలతో నడక

హైదరాబాద్ నుంచి నాందేడ్ పోయే 161వ జాతీయ రహదారి మీద మద్నూర్ అంటే చాలామందికి గుర్తొచ్చేవి రెండే. ఒకటి, పత్తి లోడుతో జిన్నింగ్ మిల్లుల ముందు బారులు తీరిన బండ్లు. రెండు, ఊరు దాటాక సలాబత్‌పూర్ దగ్గర వచ్చే రాష్ట్ర సరిహద్దు. ఆ రెండింటి మధ్య ఆగి చాయ్ తాగేవాళ్లున్నారు గానీ, రోడ్డు దిగి చేల వైపు నడిచేవాళ్లు తక్కువ. బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లోని ఈ మండలం చుట్టూ ఇంటిల్లిపాదీ నడవడానికి వీలైన బాటలు మాత్రం బోలెడున్నాయి. ఎవరూ కొత్తగా వేసినవి కావు. ఎడ్లబండ్లు తొక్కితొక్కి చేసినవి.

వీటిని ఇక్కడ పానాది అంటారు, బండ్ల బాట అంటారు. భూముల తగాదా వస్తే మాత్రం అదే ‘నక్ష బాట’ అవుతుంది, అంటే గ్రామ పటంలో ఎక్కిన బాట అన్నమాట. పటంలో ఉన్న బాటను పక్క రైతు దున్నేసి తన చేలో కలుపుకోకూడదు. కలుపుకుంటున్నారు కాబట్టే తహసీల్దారు ఆఫీసులకు ఇన్ని దరఖాస్తులు వస్తున్నాయి.

నల్లరేగడి నేలలో పానాది ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూడాలి. రెండు చక్రాల జాడలు, మధ్యలో మోకాలెత్తు గడ్డి. ఒకప్పుడు ఆ జాడలు బండి గాన్లవి, ఇప్పుడు ట్రాక్టర్ టైర్లవి. గట్టున తుమ్మలు, రేగు పొదలు, అక్కడో వేప, ఇక్కడో మోదుగ. తీగ మీద పాలపిట్ట కనిపిస్తే పిల్లలు దాన్ని దసరా పిట్ట అనే గుర్తుపడతారు. అది ఎగిరినప్పుడు రెక్కల్లో బయటపడే నీలం రంగును ఎప్పుడైనా చూశారా అని అడగండి, చాలామంది చూసి ఉండరు. అది ఎగిరేదాకా ఆగే తీరిక నడిచేవాడికే దొరుకుతుంది.

ఏ కాలంలో పోవాలన్నదే ఇక్కడ అసలు లెక్క. వానాకాలంలో రేగడి బురద చెప్పును పట్టుకుంటే వదలదు. పది అడుగులు వేసేసరికి ఒక్కో కాలు రెండు కాళ్ల బరువు తూగుతుంది. ఎండాకాలంలో అదే నేల పిల్లల పాదం ఇరుక్కునేంత నెర్రెలిస్తుంది. దీపావళి దాటాక సంక్రాంతి వెళ్లేదాకా మంచి అదను. అప్పటికి సోయా కోతలు అయిపోయి ఉంటాయి, కంది పసుప్పచ్చగా పూసి ఉంటుంది, పత్తి తీసే కూలీలు వరుసలు కట్టి ఉంటారు, శనగ కాళ్ల కింద పచ్చగా పరుచుకుంటుంది. పొద్దున ఏడింటికి బయల్దేరి ఎండ ముదరకముందే తిరిగొచ్చేలా చూసుకుంటే చాలు. పిల్లల్ని వెంటేసుకుని రానూ పోనూ మూడు కిలోమీటర్లకు మించి ఆశపడకపోవడమే మంచిది.

కుటుంబ సమేతంగా చేలకు నడిచి పోవడం ఈ ప్రాంతానికి కొత్త సంగతేమీ కాదు. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ కలిసే ఈ మూల పల్లెల్లో మార్గశిర అమావాస్య నాడు జరిగే ఎల్లమాసను చూడండి. లాతూర్, నాందేడ్ వైపు దీన్నే వేళ అమావాస్య అంటారు. బీదర్, జహీరాబాద్ వైపు కూడా ఘనంగా జరుగుతుంది. తెల్లవారుతూనే వంటలు మొదలు: సజ్జ రొట్టెలు, జొన్న పిండిని మజ్జిగలో పులియబెట్టి కాచిన అంబలి, కంది కాయలు, శనగాకు, చిక్కుళ్లు, ఆ కాలంలో దొరికే కూరగాయలన్నీ కలిపి వండే భజ్జీ. గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు, వెనక పిల్లలు, ముసలివాళ్లు బండి మీద, అందరూ చేనుకే. జొన్న చొప్పతో చిన్న గుడిసె కట్టి, అందులో రాళ్లను పంచపాండవులని నిలిపి పూజ చేస్తారు. చేను చుట్టూ తిరుగుతూ అన్నం, అంబలి చల్లుతారు. చేను లేనివాళ్లను చేనున్నవాళ్లు పిలిచి మరీ పెడతారు. పరాయి ఊరి మనిషి ఆ రోజు గట్టు మీద నడుస్తుంటే తినకుండా పోనివ్వరు. ఈ పండుగ డిసెంబరులోనో జనవరి మొదట్లోనో వస్తుంది కాబట్టి, నడకకు అంతకంటే మంచి రోజు వెతుక్కోనక్కరలేదు.

ఏడాది పొడవునా ఉండే నడక మరొకటుంది. శనివారాల్లో సలాబత్‌పూర్ హనుమంతుడి గుడికి జనం పోతుంటారు. దేవుడి పేరు చెబితే ముసలమ్మలు కూడా చకచకా నడుస్తారు. చిక్కల్లా దారితోనే. నాలుగు వరుసల రహదారి పక్కన లారీల గాలికి పిల్లల్ని నడిపించడం తెలివైన పని కాదు. పొద్దున్నే పోవాలి, వీలైన చోటల్లా సర్వీసు రోడ్డో చేల బాటో పట్టాలి, రోడ్డు దాటాల్సి వస్తే కింది దారి ఉన్న చోటే దాటాలి.

ఇంగ్లండ్ పల్లెల్లో ఈ తరహా నడక ఆదివారం అలవాటు. చెక్క గేటు తీసుకుని గొర్రెల మేతబీళ్ల గుండా, గోధుమ చేల మధ్య నుంచి తాతలూ మనవలూ పోతుంటారు. కాలిబాటకు పసుపు బాణం, గుర్రాలు కూడా పోయే బాటకు నీలం బాణం గుర్తులుంటాయి. అయితే ఆ హక్కు ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి, భూస్వాముల కాపలాదార్లను కాదని, కొన్ని వందల మంది కార్మిక యువకులు నడిచి వెళ్లారు. ఐదుగురు జైలుకు పోయారు. 1949లో వచ్చిన చట్టంతో ఏ ఊళ్లో ఏ బాట ప్రజలదో పటాల్లో ఎక్కించడం మొదలైంది. ఇవాళ ఇంగ్లండ్, వేల్స్‌లలో అలాంటి బాటలు కలిపితే రెండు లక్షల కిలోమీటర్లు దాటతాయి. చేను మధ్యలోంచి పోయే కాలిబాటను రైతు దున్నుకోవచ్చు, కాకపోతే మొదటిసారి దున్నిన 14 రోజుల్లోగా మళ్లీ నడిచేలా సరిచేయాలి.

మన దగ్గర పటమూ ఉంది, పటంలో చుక్కల గీతలూ ఉన్నాయి. లేనివల్లా ఆ బాణం గుర్తు, బాట మూసేస్తే వెంటనే తెరిపించే మనిషి. సరిహద్దు అవతల మహారాష్ట్రలో చేల బాటకు అడ్డం పెడితే తీయించే అధికారం 1906 నాటి మామ్లత్‌దార్ కోర్టుల చట్టం కిందే తహసీల్దారుకు ఉంది. ఇటువైపు ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న దారికి ఈజ్‌మెంట్ చట్టం ఆసరా అయినా, దాన్ని రుజువు చేసుకోవడానికి సివిల్ కోర్టు మెట్లెక్కాలి. నడకకు వచ్చినవాడికి ఈ గొడవ దేనికి అనిపించవచ్చు. కానీ రైతుకు బాట ఉంటేనే నడిచేవాడికి ఉంటుంది.

జాగ్రత్తల్లో మొదటిది మందు కొట్టే చేలు. పత్తికి పురుగుమందు కొడుతున్న వాసన వస్తే వెనక్కి మళ్లాలి, పిల్లల్ని ఆకు ముట్టనివ్వకూడదు. రెండోది అంతకంటే భయపెట్టేది. అడవి పందుల కోసం కొందరు చేల చుట్టూ కరెంటు తీగలు కడుతుంటారు. అది నేరం, మనుషులూ చచ్చిపోతున్నారు. అందుకే చీకటి పడ్డాక చేలలో తిరగొద్దు, ఏ తీగనూ దాటబోవద్దు. తుమ్మ ముల్లు పల్చటి చెప్పును దూసుకుపోతుంది కాబట్టి బూట్లే మేలు. రైతు కనిపిస్తే పలకరించి, ఏ వైపు పోవచ్చో అడిగి ముందుకు కదలాలి. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ, ఏ భాషలో అడిగినా ఈ పక్క జవాబు వస్తుంది.

నది చూడాలనుకునేవాళ్లు డోంగ్లి వైపు మంజీర ఒడ్డుకు పోవచ్చు. బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, మన కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే ఈ నది పైన నిజాంసాగర్ ఉంది. ఎగువన గేట్లెత్తితే ఒడ్డు చేలు మునుగుతాయి. 2025 ఆగస్టు చివరి వానల్లో అదే జరిగింది. వానాకాలంలో అటు తలపెట్టవద్దు. మిగతా రోజుల్లోనూ ఇసుక తోడిన గుంతలు నీళ్ల కింద కనిపించవు, పిల్లల్ని దిగనివ్వకూడదు.

రోజంతా చేతిలో ఉంటే జుక్కల్ మండలంలోని కౌలాస్ కోట ఉంది. 1857 తిరుగుబాటు రోజుల్లో బ్రిటిష్ వాళ్ల మీద కుట్రలో చేరాడని శిక్షపడిన రాజా దీప్‌సింగ్ కోట అది. పాత ఫిరంగులు, కొండ దిగువన కౌలాస్ నాలా జలాశయం పిల్లల్ని కాసేపు కట్టిపడేస్తాయి. మెట్లూ ముళ్లపొదలూ ఎక్కువ, చంటిపిల్లలతో కష్టం. వాళ్లకు నిజాంసాగర్ నయం. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ఆనకట్ట మూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఎంత దూరం నడవగలిగితే అంత నడిచి, పిల్లలు కాళ్లు నొప్పులన్న చోట వెనక్కి తిరగొచ్చు.