బంతి చెప్పే సమాధానం

బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన కాసేపు నిలబడి వినండి. "మోచెయ్యి లోపలికి పెట్టు! మోకాళ్ళు వంచు! ఇంకా ఎత్తుగా విసురు!" అంటూ శిక్షకుడి గొంతు ఆగకుండా వినిపిస్తుంది. పిల్లవాడు చెప్పినట్లే చేస్తాడు, బంతి రింగులో పడుతుంది. బాగానే ఉంది. కానీ పోటీ రోజున చుట్టూ జనం కేకలు వేస్తుంటే ఆ గొంతు వాడికి వినబడదు. అప్పుడు వాడేం చేయాలి?

ఇంకొక పద్ధతి ఉంది. ఇందులో శిక్షకుడు చెప్పడం తగ్గించి అడగడం పెంచుతాడు. బంతి రింగు ముందు అంచుకు తగిలి వెనక్కు వచ్చిందనుకోండి. "ఎక్కడ తగిలింది? ఎందుకు తగిలిందంటావు? ఈసారి ఏం మార్చి చూస్తావు?" అని అడిగి ఊరుకుంటాడు. చూడడం, ఊహించడం, పరీక్షించడం. మీరు సైన్సు ప్రయోగశాలలో చేసేదీ ఇదే కదూ!

"ఎత్తుగా విసరాలి" అనే మాటనే తీసుకోండి. దాని కారణం మీరే కనుక్కోగలరు. ఒక గాజును బల్లమీద పెట్టి సరిగ్గా పైనుంచి చూడండి. గుండ్రంగా కనిపిస్తుంది. తలను మెల్లగా పక్కకు దించుతూ చూడండి. గాజు నొక్కుకుపోయినట్లు సన్నబడుతూ వచ్చి, చివరకు గీతలా మిగులుతుంది. బంతికి రింగు "కనిపించేదీ" ఇలాగే.

రింగు వ్యాసం 45 సెంటీమీటర్లు, బంతిది సుమారు 24. బంతి నిట్టనిలువుగా దిగితే 45 సెంటీమీటర్ల దారీ దానిదే. 45 డిగ్రీల వాలులో వస్తే దారి సుమారు 32 సెంటీమీటర్లకు తగ్గుతుంది. 30 డిగ్రీలలో వస్తే 22న్నర మాత్రమే! ఇక రింగును తాకకుండా బంతి దూరేదెలా? (పదో తరగతి వాళ్ళు 45ను ఆ కోణపు సైన్ విలువతో హెచ్చవేసి సరిచూసుకోండి.) అలాగని మరీ ఎత్తుగా విసిరితే ఎక్కువ బలం కావాలి, గురి చెదురుతుంది. సరైన ఎత్తు ఎంతన్నది మీ పొడవునుబట్టి, మీ చేతి బలాన్నిబట్టి ఉంటుంది. అందుకే ఒకే ఆజ్ఞ అందరికీ సరిపోదు.

పక్కనుంచి ప్రతిసారీ తప్పు చెబుతూ ఉంటే మంచిదే కదా అని మీకు తోచవచ్చు. 1990లో వైన్‌స్టీన్, ష్మిట్ అనే శాస్త్రజ్ఞులు ఒక మీటను నిర్ణీత తీరులో కదపడం కొందరికి నేర్పారు. ఒక జట్టుకు ప్రతి ప్రయత్నం తర్వాతా ఎంత తప్పిందో చెప్పారు. రెండో జట్టుకు సగం సార్లే చెప్పారు. మర్నాడు ఎవరికీ ఏమీ చెప్పకుండా పరీక్షిస్తే రెండో జట్టే మెరుగ్గా చేసింది! ప్రతిసారీ జవాబు బయటినుంచి వస్తుంటే, తన కండరాలూ కళ్ళూ పంపే సమాచారాన్ని మనిషి పట్టించుకోడు. జవాబు రానప్పుడు వాటినే నమ్ముకోవలసి వస్తుంది.

1982లో ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన బంకర్, థోర్ప్ కూడా ఆటను ముందు అర్థం చేసుకోనివ్వాలని, నైపుణ్యాల సాధన దాని అవసరం తెలిశాక రావాలని రాశారు.

పెద్ద జట్లలోనూ ఇది జరిగింది. 2018 ఫిబ్రవరి 12న గోల్డెన్ స్టేట్ వారియర్స్ శిక్షకుడు స్టీవ్ కెర్, ఫీనిక్స్ సన్స్‌తో ఆడుతున్నప్పుడు, విరామాలలో వ్యూహం గీసే పలకను ఆటగాళ్ళకే అప్పగించాడు. జట్టు 129-83తో గెలిచింది. సన్స్ ఆ ఏడాది బలహీనమైన జట్టే లెండి, ఈ ఒక్క గెలుపును రుజువుగా తీసుకోనక్కరలేదు.

ఒక హెచ్చరిక. బంతి ఎన్నడూ పట్టని పిల్లవాణ్ణి "నువ్వే కనుక్కో" అని వదిలేయడం బోధన కాదు. మొదట చేసి చూపించాలి. దెబ్బలు తగిలే విషయాలైతే సూటిగా చెప్పి తీరాలి.

ఈ ఆట పుట్టిందీ ఒక తరగతి కోసమే. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు తన 18 మంది విద్యార్థుల కోసం 13 నిబంధనలు రాసి, పీచ్ పండ్ల బుట్టలు రెండు కట్టించాడు. బంతి పట్టుకుని పరుగెత్తకూడదన్నది అందులో ఒక నిబంధన. మరి దారి మూసుకుపోతే? బంతిని నేలకు కొట్టి, ముందుకు సాగి, మళ్ళీ తామే అందుకోవడం తర్వాతి రోజుల్లో ఆటగాళ్ళు కనిపెట్టారు. మనం డ్రిబ్లింగ్ అంటున్నది దాన్నే. ఆ 13 నిబంధనలలో అది ఎక్కడా లేదు.