స్కూల్లో ఇంగ్లిష్ ఫస్ట్, కాలేజీలో పదికి మూడు: ఎందుకిలా?



మన దగ్గర పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయి దసరా సెలవులకు వడ్డేపల్లి వచ్చినప్పుడు నన్ను కలవడానికి స్కూల్‌కు వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం. ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఇంగ్లిష్‌లో తనే ఫస్ట్. "మేడమ్, కాలేజీలో మొదటి ఇంగ్లిష్ అసైన్‌మెంట్‌కు పదికి మూడొచ్చినయి" అంది. గ్రామర్ తప్పులు పోయాయా అని అడిగాను. ఒక్కటి కూడా లేదట. లెక్చరర్ కింద ఒకే ప్రశ్న రాశారట: ఇందులో నీ మాట ఏది?

ఇచ్చిన టాపిక్ "మీ ఊళ్లో మీకు బాగా తెలిసిన ఒక పని". మన అమ్మాయి రాసింది "అగ్రికల్చర్ ఈజ్ ది బ్యాక్‌బోన్ ఆఫ్ ఇండియా" అని మొదలయ్యే వ్యాసం. నవ్వకండి, అది ఎనిమిదో తరగతిలో మేము నేర్పిందే. రెండు పేజీలు తప్పు లేకుండా రాసింది. అందులో వడ్డేపల్లి లేదు, వాళ్ల చేను లేదు.

ఇందులో మా టీచర్ల పాత్ర కూడా ఉంది. పదో తరగతిలో లెటర్, డైరీ ఎంట్రీ, స్పీచ్, బయోగ్రఫికల్ స్కెచ్ లాంటివి రాయాలి. నిజానికి అవి పిల్లలు సొంతంగా రాయాల్సినవే. కాని పరీక్ష దగ్గర పడేసరికి మేము ఒక మోడల్ ఇస్తాం, పిల్లలు బట్టీ పడతారు, మార్కులు వస్తాయి, మీరూ మేమూ సంతోషపడతాం. మోడల్ వల్ల లాభం లేదనను. లెటర్ ఎలా మొదలుపెట్టాలో, పేరా ఎక్కడ ఆపాలో దాంతోనే తెలుస్తుంది. కాని ఆ పేరాలో ఏం చెప్పాలో అది నేర్పదు. డిగ్రీలోనూ గైడ్లున్నాయి, వాటితో పాస్ కావచ్చు. ఎదుటి మనిషి "నీకేమనిపించింది?" అని అడిగినప్పుడు మాత్రం ఏ గైడూ పనికిరాదు.

ఆ ప్రశ్న డిగ్రీ దాకా కూడా ఆగదు. తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24 నుంచి ఇంగ్లిష్‌కు కూడా ప్రాక్టికల్స్ పెట్టింది. వందలో 80 మార్కులు రాతకు, 20 ప్రాక్టికల్స్‌కు. అక్కడ విని అర్థం చేసుకోవాలి, నోరు తెరిచి మాట్లాడాలి.

లెక్చరర్ ఆ అమ్మాయికి మళ్లీ రాసే అవకాశం ఇచ్చారు. ఈసారి సీడ్ పత్తిలో క్రాసింగ్ గురించి రాస్తానంది. మన నడిగడ్డలో మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు: సాయంత్రం ఆడ మొక్కల మీద, తెల్లారితే విచ్చుకునే మొగ్గలు చూసి గిల్లడం, పొద్దున మగ పూలు తెచ్చి పుప్పొడి రుద్దడం. చిన్నప్పటి నుంచి చూసిన పనే. రాయబోతే నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోయింది. ఇంగ్లిష్ రాక కాదు. మొగ్గ రేపు విచ్చుకుంటుందని ఎలా తెలుస్తుంది, సాయంత్రమే ఎందుకు గిల్లాలి, తనకే తెలియదు.

వెళ్లి వాళ్లమ్మను అడిగింది. ఆమె చదివింది ఐదో తరగతి. గంటసేపు చెప్పిందట. పువ్వు విచ్చుకుంటే దాని పుప్పొడి దాని మీదే పడుతుంది, అప్పుడు ఆ కాయ విత్తనానికి పనికిరాదు, అందుకే ముందు రోజే గిల్లాలి. గిల్లేటప్పుడు గోరు లోపలి కీలానికి తగలకూడదు, తగిలితే మొగ్గ రాలిపోతుంది. గుర్తు పెట్టకపోతే పొద్దున ఏది గిల్లిందో కనపడదు. అమ్మాయి అన్నీ తెలుగులోనే నోట్ చేసుకుంది, తర్వాత ఇంగ్లిష్‌లో రాసింది. గిల్లడానికి సరైన మాట దొరక్క "పీల్" అని పెట్టింది. పుస్తకాల్లో దానికి పెద్ద మాట ఉంది, కాని నాకు "పీల్" బాగానే అనిపించింది. చదివేవాళ్లకు చేయి కనిపిస్తుంది.

దీపావళి తర్వాత ఫోన్ చేసింది. పదికి ఏడు. మూడు చోట్ల గ్రామర్ తప్పులు పోయాయట.

ప్రతి మీటింగ్‌లో నేను వినే మాట ఒకటుంది: "మాకు ఇంగ్లిష్ రాదు మేడమ్, ఇంట్లో మేమేం చెప్తం?" ఇంకొందరు ఇంట్లో తెలుగు మాట్లాడటమే మానేయాలా అని అడుగుతారు. మానేయకండి. వచ్చీ రాని ఇంగ్లిష్‌లో "యెస్", "నో" అనే కంటే, "ఎందుకు?" అని తెలుగులో అడగండి. "సినిమా బాగుంది" అంటే ఏది బాగుందో చెప్పమనండి. "స్కూల్ బాలేదు" అన్నా అంతే, కోప్పడే ముందు కారణం చెప్పించండి. దాన్ని ఇంగ్లిష్‌లోకి తేవడం మా పని, మీరు ఫీజు కడుతున్నది దానికే.

ఈ నెల 8, 9 తరగతులకు "ఇంట్లో పెద్దవాళ్లు చేసే ఒక పని" అని రాయమని ఇస్తున్నాను. పొలం, షాపు, కుట్టు మిషన్, ఆఫీసు, వంట, ఏదైనా సరే. పిల్లలు మీ దగ్గరికి వచ్చి అడుగుతారు. ఫోన్‌లో చూసుకో అనకుండా, తెలుగులోనే ఒక పావుగంట చెప్పండి. స్పెల్లింగులు మీరు దిద్దొద్దు. కాపీలు ఇంటికి పంపిస్తాను. పని గురించి ఏమైనా తప్పు రాసి ఉంటే మాత్రం పక్కన తెలుగులో రాసి పంపండి, అది నాకు తెలియదు కదా.