గోదావరి దారిన



మాది బయ్యారం. మా ఊరి పెద్ద చెరువు గురించి మీలో చాలామంది వినే ఉంటారు. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువు అది. 13వ శతాబ్దపు శాసనంలో దాని పేరు ధర్మకీర్తి సముద్రం. కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులకు ఆ శాసనం ఎంతో పనికివచ్చింది. అంత చెరువు ఒడ్డున కాపురం చేస్తున్న మాకు నీళ్ళు కొత్త కాదు. అయినా మొన్న సంక్రాంతి సెలవుల్లో గోదావరి మీద లాంచీ ఎక్కినప్పుడు, నిలిచిన నీళ్ళు వేరు, నడిచే నీళ్ళు వేరు అని తెలిసింది. ఆ సంగతులే ఈవేళ మీతో చెబుతాను.

బయలుదేరింది అయిదుగురం. నేను, మావారు, మా అత్తగారు, పదో తరగతి చదివే అబ్బాయి, ఎనిమిదేళ్ళ అమ్మాయి. భద్రాచలంలో రాముణ్ణి చూసుకొని పోచవరం రేవుకు వెళ్ళాం. అక్కడి నుంచి లాంచీలు పాపికొండల మధ్యకు వెళ్ళి తిరిగి వస్తాయి. 2014 దాకా ఈ ఒడ్డూ, మా బయ్యారమూ ఒకే ఖమ్మం జిల్లా. ఇప్పుడు రాష్ట్రాలే వేరు.

లాంచీలో తలా ఒక లైఫ్ జాకెట్టు ఇచ్చారు. "జాకెట్టు తొడుక్కునే ఉన్న గద బిడ్డా, ఇంకోటెందుకు?" అంది మా అత్తగారు. అందరం నవ్వాం. తీరా చూస్తే మా అమ్మాయికి ఇచ్చింది పెద్దవాళ్ళది. భుజాల మీది నుంచి జారిపోతోంది. పైగా ఒక బకిల్ విరిగి ఉంది. మార్చమంటే, "ఏం కాదమ్మా, నది నెమ్మదిగానే ఉంది, కూచోండి" అన్నాడు అక్కడి మనిషి. మావారు కూడా "పోనీలే, పదిమందిలో ఎందుకు" అన్నారు. నేను కూచోలేదు. పిల్లల కొలతది తెచ్చేదాకా బోటు దిగి రేవులోనే ఉంటామన్నాను. పది నిమిషాలకు తెచ్చారు. అది చూసి వెనకనున్న ఇద్దరు తల్లులు "మా పిల్లలకూ కావాలి" అని అడిగారు.

ఈ జాకెట్టు మనకు ఈత నేర్పదు. లోపలి మెత్తటి దిండు నీటికన్న తేలిక గనుక మనిషిని పైకి పట్టి ముక్కూ నోరూ నీళ్ళపైన ఉంచుతుంది. అయితే వదులుగా ఉంటే జాకెట్టు తేలుతుంది, మనిషి దానిలోంచి జారిపోతాడు. బకిళ్ళన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూడండి. చెవుల దాకా వచ్చిందంటే అది మన కొలత కాదు.

పాపికొండల దగ్గర ఈ జాగ్రత్త ఇంకా అవసరం. అంత విశాలమైన గోదావరి అక్కడ రెండు కొండల మధ్య సన్నగా ఇరుక్కుపోతుంది. కుళాయి మూతికి వేలు అడ్డం పెడితే నీళ్ళు ఎంత జోరుగా చిమ్ముతాయో మనకు తెలుసు గదా! వరదరోజుల్లో అక్కడ నదీ అంతే. సుడులు తిరుగుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర 77 మందితో వెళ్తున్న బోటు మునిగింది ఆ వరదలోనే. యాభై మంది దాకా పోయారు. ఆ తరువాత చాలాకాలం బోట్లు నడవనివ్వలేదు.

పేరంటాలపల్లిలో దిగి శివాలయం చూశాం. ఒడ్డున కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురుతో చేసిన పూలసజ్జలు అమ్ముతున్నారు. మా అత్తగారు ఒకటి కొని, "వచ్చే ఏడు వస్తే ఇంకోటి కొంట" అంది. "వచ్చే ఏటికి మేము ఎక్కడుంటామో అమ్మా" అంది ఆ అమ్మాయి. పోలవరం ప్రాజెక్టు పూర్తయి 150 అడుగుల మట్టానికి నీళ్ళు నిలిపితే ఈ ఒడ్డు ఊళ్ళు చాలావరకు మునుగుతాయి. దిగువన లక్షల ఎకరాలకు నీరు వస్తుంది, నిజమే. కాని ఆ నీటికోసం ఇల్లు విడిచేవాళ్ళ మొహం ఒకసారి చూశాక, ఇంట్లో కుళాయి ఊరికే తిప్పి వదిలెయ్యబుద్ధి కాదు.

మా అత్తగారి మేనమామ ఆ రోజుల్లో రాజమండ్రి నుంచి లాంచీలోనే వచ్చేవాడట. ఆయన ఎక్కిన రేవు చూడాలని ఆవిడ కోరిక. అందుకని పోచవరం తిరిగివచ్చి, మారేడుమిల్లి ఘాటు దారిన బస్సులో రాజమండ్రి చేరాం.

ముందు ధవళేశ్వరం వెళ్ళాం. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేయించింది ఇక్కడే. కాలువలు పొలాలకే కాదు, పడవలకూ దారి కావాలని ఆయన ఆలోచన. కాకినాడకూ, ఏలూరు మీదుగా బెజవాడకూ ధాన్యం, మనుషులు పడవల్లోనే వెళ్ళేవారు. మరి ఎత్తున ఉన్న నది నుంచి పల్లాన ఉన్న కాలువలోకి పడవ ఎలా దిగుతుంది? మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. దానికే లాకులు. రెండు పక్కలా తలుపులున్న నీటి గది అనుకోండి. నది వైపు తలుపు తీసి పడవను లోపలికి రానిచ్చి మూసేస్తారు. కింది తూముల గుండా నీళ్ళు మెల్లగా వదులుతారు. నీళ్ళతోపాటు పడవా దిగుతుంది. కాలువ మట్టానికి రాగానే రెండో తలుపు తీస్తారు. పైకి ఎక్కాలంటే ఇదే పని తిరగేసి. రైళ్ళూ బస్సులూ వచ్చాక ఈ పడవలు తగ్గిపోయాయి.

రాజమండ్రి అంటే రాజరాజ నరేంద్రుడు, నన్నయగారు అని పిల్లలు పుస్తకాల్లో చదివారు. నేను మాత్రం కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు చూడాలన్నాను. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్ళోనే ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. వెలివేస్తారన్న భయంతో వంటవాళ్ళూ, నీళ్ళు మోసేవాళ్ళూ రాకపోతే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి తానే నీళ్ళు మోసి తానే వండారు. ఆ మాట చెబితే మా అత్తగారు రేవు మెట్ల మీద చాలాసేపు కూచుండిపోయింది. చిన్నప్పుడే భర్త పోయి, పుట్టింట్లో నీళ్ళు మోస్తూనే ముసలిదైపోయిన అక్క ఒకామె ఉండేది ఆవిడకు. మేనమామ ఎక్కిన రేవు ఏదని ఇక అడగలేదు.

మీరూ పిల్లలతో తప్పక వెళ్ళండి. వరదరోజులు మాత్రం మానండి. బోటుకు అనుమతి ఉందా, ఎంతమందికి ఉంది అని అడగండి. జాకెట్టు దిగేదాకా విప్పకండి. పదిమందిలో ఎందుకని మొగమాటపడకండి. మనం ఒక్కరం అడిగితే పక్కవాళ్ళకూ నోరు వస్తుంది.

సెలవు.