మీకు తెలుసా? రాత్రి పదకొండైనా డాబా ఎందుకు చల్లారదు?

టీవీలో చెప్పే ఉష్ణోగ్రత గాలిది. నేలది వేరు. మే నెల మధ్యాహ్నం గాలి 42 డిగ్రీలుంటే, నల్లటి తారు రోడ్డు 60 దాటగలదు. రోడ్డు పక్కన కూర్చుని కూరగాయలు అమ్ముకునేవాళ్లను కాల్చేది ఈ రెండో వేడే.

ఉపగ్రహాలు కొలిచేదీ ఈ నేల వేడినే. హైదరాబాద్ విషయంలో అవి ఒక వింత చూపిస్తాయి. వేసవి పగటిపూట ఊరి చుట్టూ ఉన్న బీళ్లు, కోతలైపోయిన చేలు చాలాచోట్ల నగరం కంటే ఎక్కువ కాలుతుంటాయి! తడి లేని మట్టి ఇట్టే వేడెక్కుతుంది, పొద్దు గుంకాక అంతే త్వరగా చల్లారుతుంది. కాంక్రీటు అలా కాదు. పగలంతా దాచుకున్న వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటుంది. ఎత్తైన గోడల మధ్య ఇరుకు సందుల్లో ఆ వేడి పైకి పోయే దారీ తక్కువే. అందుకే నగరానికీ పల్లెకీ అసలు తేడా రాత్రిపూట తెలుస్తుంది. ఎండకు అలసిన ఒళ్లు తేరుకోవాల్సిన వేళ అది.

లండన్‌లో వాతావరణ పరిశీలకుడు ల్యూక్ హోవర్డ్ ఈ రాత్రి తేడాను 200 ఏళ్ల కిందటే థర్మామీటర్లతో పట్టుకున్నాడు.

కాంక్రీటు ఒక్కటే కాదు, చెరువు పూడ్చినా, చెట్టు కొట్టినా ఆవిరై చల్లబరిచే నీరు పోయినట్టే. ఈ వేడిని తగ్గించేందుకు తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. కూల్ రూఫ్ అంటే కప్పు మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత. మన పాత సున్నం చేసిన పనీ ఇదే. ఈ పూత ముందుగా రేకుల ఇళ్లకు అందాలి. అక్కడ ఫ్యాను వేసినా వచ్చేది వేడిగాలే.