కానుక సొమ్ముతో వీడియో ఎడిటింగ్



మిరప కోతలు వచ్చాయంటే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుండి ఎన్నో కుటుంబాలు గుంటూరు వైపు సుగ్గికి వెళ్తాయి. మా గూడూరు సంఘంలోను చాపలు ఖాళీ అవుతాయి. వారి నిమిత్తము ఆదివారం వాక్యాన్ని వీడియోగా పంపాలని తలంచాము. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చిత్రాన్ని పల్లెల్లో తెరకట్టి చూపించారు. నేడు తెర చేతిలోనే ఉంది.

సామగ్రి ధరలు చూచి ఆగిపోయాము. అది కూలి తల్లులు కొంగున ముడివేసి తెచ్చిన కానుక. గోపురం కట్టేవాడు ముందుగా ఖర్చు లెక్క చూచుకోవాలని ప్రభువే చెప్పాడు గదా (లూకా 14:28).

ఫుల్ హెచ్.డి. అంటే అడ్డం 1920, నిలువు 1080 చుక్కల బొమ్మ. మంచి సెల్‌ఫోనే తీయగలదు. ఎడిటింగ్‌కు 16 జీబీ మెమరీ, ఎస్.ఎస్.డి. ఉన్న కంప్యూటర్ చాలు, వాడినదైనా ఫరవాలేదు. కెడెన్‌లైవ్ ఉచితం, డావిన్చీ రిజాల్వ్‌లోను ఉచిత రకం ఉంది. కంప్యూటర్ నెమ్మదిస్తే ‘ప్రాక్సీ’, అనగా చిన్న నకళ్ళతో పనిచేసి, చివరకు అసలు బొమ్మతోనే వీడియో తీయవచ్చు. డబ్బు మైకుకు పెట్టండి. బొమ్మ మసకైనా చూస్తారు, మాట వినబడకపోతే ఆపేస్తారు.

ఒక తప్పు మేమే చేశాము. ఒక వృద్ధ సహోదరి సాక్ష్యాన్ని ఒక్క డిస్కులోనే ఉంచాము. కరెంటు పోయినప్పుడు అది చెడిపోయింది. ఆమె ప్రభువునందు నిద్రించాక, సుగ్గి నుండి వచ్చిన పిల్లలు అమ్మ మాట వినిపించమన్నారు. మా వద్ద ఏమీ లేదు.

ఇప్పుడు యు.పి.ఎస్. పెట్టాము. ప్రతి వీడియోకు మూడు ప్రతులు తీసి, ఒకటి వేరే ఇంట్లో ఉంచుతున్నాము. యౌవనస్థులారా, మీరు మొదటి రోజే అలా చేయండి.