గ్యాసుకు తలంటు

మీ వంటింట్లో సిలిండరు కొంచెం లీకయితే గుప్పున వచ్చే కంపు వుంది చూశారూ, అది గ్యాసుది కాదు. ఈ మాట అంటే మా వీధిలో నన్ను అదోలా చూస్తారు. కాని నిజం అదే. శుభ్రమైన వంటగ్యాసుకి చెప్పుకోదగ్గ వాసనంటూ లేదు. పుట్టినచోట దానికి అంటివున్న దుర్గంధాన్నంతా ముందు కడిగేస్తారు. కడిగాక ఇథైల్ మెర్కాప్టన్ అనే కంపుసరుకును కొలిచి, రవంత కలుపుతారు. కోటి పాళ్ళ గాలిలో ఒక పాలు వున్నా మన ముక్కు దాన్ని పసికడుతుంది.

"కడగడమెందుకు, మళ్ళీ కలపడమెందుకు నాయనా?" అని పక్కింటి పిన్నిగారు నన్ను నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. కలిపే సంగతి ముందు చెప్తాను. అమెరికాలో టెక్సస్ రాష్ట్రాన న్యూ లండన్ అనే వూళ్ళో ఒక బడి వుండేది. చుట్టూ చమురు బావులు. ఖర్చు కలిసివస్తుందని ఆ బావుల గ్యాసునే గొట్టం వేసి బడికి తెచ్చుకున్నారు. దానికి వాసన లేదు. నేలకింద కారి పేరుకుపోయినా ఎవరికీ తెలియలేదు. 1937 మార్చి 18న, బడి వదలబోయే వేళ, ఒక్క నిప్పురవ్వతో భవనమంతా లేచిపోయింది. పిల్లలూ పంతుళ్ళూ కలిసి దాదాపు 300 మంది పోయారు. గ్యాసులో వాసన కలిపితీరాలని అక్కడ చట్టం చేసింది ఆ తర్వాతే.

ఇహ కడిగే సంగతి. బావిలోంచి వచ్చే గ్యాసులోనూ, ముడిచమురు శుద్ధిచేసేటప్పుడు వెలువడే గ్యాసులోనూ తరచు హైడ్రొజన్ సల్ఫైడు వుంటుంది. కుళ్ళిన కోడిగుడ్డు కంపంటే ఇదే. కంపు కొడితే దూరంగా పోవచ్చు గదా, భయం దేనికి అంటారేమో. ఇది మహా మాయలమారి సుమా! పదిలక్షల పాళ్ళ గాలిలో ఒక పాలు కన్న తక్కువ వున్నా వాసన తెలుస్తుంది. 100 పాళ్ళు అయ్యేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. "హమ్మయ్య, కంపు పోయింది" అనుకుంటాడు మనిషి. పోయింది కంపు కాదు, ముక్కు. 1,000 పాళ్ళకి చేరితే నిలుచున్నవాడు నిలుచున్నట్టే కూలిపోతాడు.

నేను ఒక గ్యాసు కర్మాగారపు ప్రయోగశాలలో చాలా ఏళ్ళు పనిచేశాను. ముక్కును నమ్మవద్దని మొదటిరోజునే చెప్పారు. మేము నమ్మింది లెడ్ ఎసిటేటు అద్దిన కాగితం ముక్కని. దానిమీదికి గ్యాసు వదిలితే తెల్లగా వుండాలి. గోధుమరంగు తిరిగి నల్లబడిందా, కడగడంలో ఎక్కడో లోపం వచ్చిందన్నమాట.

ఈ కడుగుడు కొత్తదేమీ కాదు. బొగ్గుగ్యాసుతో లండను వీధుల్లో దీపాలు వెలిగించడానికి 1812లో ఒక కంపెనీకి రాజశాసనం దొరికింది. ఆ గ్యాసుకీ ఇదే కంపు. దాన్ని సున్నపునీళ్ళ గుండా పంపించారు. మనం గోడలకి కొట్టే సున్నమే! హైడ్రొజన్ సల్ఫైడుకి ఆమ్లగుణం, సున్నానికి క్షారగుణం, రెండూ కలిసిపోతాయి. గ్యాసు బాగుపడింది గాని సున్నం చెడింది. వాడేసిన సున్నం నీలిబురదై భరించరాని వాసన వేసేది. దానికి 'బ్లూ బిల్లీ' అని ముద్దుపేరొకటి. ఇంట్లో చెత్త వూడ్చి పొరుగింటి గుమ్మంలో పోసినట్టయింది. 1840ల చివరినుంచీ సున్నం బదులు తడిపిన ఇనుపతుప్పు వాడసాగారు. అది గంధకాన్ని పట్టుకుని నల్లబడేది. గాలికి ఆరబోస్తే గంధకం విడిపోయి, తుప్పు మళ్ళీ ఎర్రబడి పనికొచ్చేది. ఒక్కసారిగా గాలి తగిలితే మాత్రం కుప్ప వేడెక్కి అంటుకునేది కూడా.

ఈ చాకిరీని తప్పించినవి ఎమీనులు. అమ్మోనియాకి జ్ఞాతులనుకోండి. వీటితో గ్యాసు కడిగే పద్ధతికి 1930లో ఆర్. ఆర్. బాటమ్స్ అనే అమెరికన్ పేటెంటు పొందాడు. నాకు తెలిసిన రసాయనాల్లో ఇంత మర్యాదస్తురాలు మరొకటి లేదు. కాస్టిక్ సోడాది ఉడుంపట్టు. పట్టిందంటే వదలదు, చివరికి సోడా కూడా చెడుతుంది. ఎమీనుది గోదావరి రేవులో పడవ పద్ధతి. చల్లని గట్టున ఎక్కించుకుంటుంది, వేడి గట్టున దింపేస్తుంది, ఖాళీగా తిరిగివస్తుంది.

రెండు ఎత్తయిన ఉక్కు స్తంభాలు ఊహించుకోండి. మొదటిదాంట్లో గ్యాసు కిందనుంచి పైకి పోతూంటే, ఎమీను కలిపిన నీళ్ళు పైనుంచి అంచెలంచెలుగా దిగుతాయి. అక్కడ వేడి 40 డిగ్రీల చిల్లర. హైడ్రొజన్ సల్ఫైడునీ, బొగ్గుపులుసు వాయువునీ నీళ్ళు పట్టుకుంటాయి. శుభ్రమైన గ్యాసు పైనుంచి వెళ్ళిపోతుంది. ఆ నీళ్ళని రెండో స్తంభంలో ఆవిరితో 120 డిగ్రీల దాకా కాస్తే పట్టుకున్నదంతా వదిలేస్తాయి. చల్లార్చి మళ్ళీ మొదటిదానికి పంపుతారు. ఆ చుట్టు రాత్రింబవళ్ళు తిరుగుతూనే వుంటుంది.

చెప్పినంత సుళువు కాదు. బావినుంచి కాస్త చమురుజిడ్డు వచ్చిందా, ఎమీను కుంకుడుకాయ రసంలా నురగలు కక్కుతుంది. నురుగు స్తంభం నిండి గ్యాసుతోబాటు పైకి తన్నుకువస్తుంది. ఒక రాత్రి డ్యూటీలో అదే జరిగింది. నా కాగితాలు వరసగా నల్లబడసాగాయి. నురుగు చంపే మందు చుక్కలు వేసి, గ్యాసు తగ్గించి, కాగితం మళ్ళీ తెల్లగా నిలిచేసరికి తెల్లవారింది. ఆ పూట కాఫీ రుచి ఇప్పటికీ మరిచిపోలేదు.

దింపేసిన విషం ఏమవుతుందని అడగాలి మీరు. క్లౌస్ అనే ఆయన 1883లో కనిపెట్టిన పద్ధతిలో దాన్ని మూడోవంతు కాల్చి, మిగిలినదానితో కలిపితే పచ్చని గంధకం, నీరూ మిగులుతాయి. పొలాల ఎరువుకీ, మోటారు టైరుకీ ఆ గంధకం కావాలి. ఈనాడు ప్రపంచం వాడే గంధకంలో ఎక్కువభాగం ఇలా చమురు, గ్యాసుల కడుగుడులో వచ్చిందే. వంటగ్యాసులో సహజంగా వుండే మెర్కాప్టన్లని మాత్రం కాస్టిక్ సోడాతో కడుగుతారు. వాటినే వుంచుకోవచ్చుగా అంటారు పిన్నిగారు. ఒక రోజు ఎక్కువా ఒక రోజు తక్కువా వుండేదాన్ని నమ్మి పొయ్యి వెలిగించలేం గదండీ!

గ్యాసులో మరో శత్రువుంది, విషమూ కాదు, కంపూ కాదు: వట్టి నీరు. బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగితే గోలీసోడా. నాలుకకి చురుక్కుమనే ఆ పులుపే ఉక్కుగొట్టాన్ని లోలోపల తినేస్తుంది. అందుకని గ్లైకాల్ అనే చిక్కని ద్రవంతో మరో స్నానం చేయించి, గ్యాసులో తడి తీసేస్తారు. గ్లైకాల్ నీటిని పీల్చుకుంటుంది, కాస్తే వదిలేస్తుంది. ఇదీ పడవ పద్ధతే.

కోనసీమలో తాటిపాక దగ్గర నగరం అనే వూరుంది. కొబ్బరితోటల మధ్యనుంచి గ్యాసు గొట్టం పోయేది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అది చిల్లుపడి, కారిన గ్యాసు అంటుకుంది. ఇళ్ళూ చెట్లూ మాడిపోయాయి. 20 మందికి పైగా చనిపోయారు. గొట్టానికి లోపలినుంచి తుప్పు పట్టిందనీ, పొడిగ్యాసు కోసం వేసిన దానిలో తడిగ్యాసు పోతూ వచ్చిందనీ విచారణలో తేలింది.